హైవే మీద కారు ఆగిపోతే: మొదటి పది నిమిషాలు, ఆ తర్వాత

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీదో, కర్నూలు వైపు 44 మీదో కారు మొరాయిస్తే అందరి చూపూ బానెట్ మీదికే పోతుంది. చూడాల్సింది వెనక్కి. వెనక వస్తున్న లారీయో బస్సో మీ కారు ఆగి ఉందని గుర్తించకపోవడమే అసలు ప్రమాదం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటుతుంది. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు వేసేసరికే 40 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగడానికి మరో 55 మీటర్లు కావాలి. లోడు లారీకి ఇంకా ఎక్కువ. కింద చెప్పే దూరాలన్నీ ఈ లెక్క మీదే నిలబడ్డాయి.

ఎక్కడ ఆపాలి

ఇంజన్ ఆగిపోయినా బండిలో ఊపు ఉంటుంది. 80 వేగంలో ఆగిన కారు న్యూట్రల్‌లో కొన్ని వందల మీటర్లు దొర్లుతుంది. ఆ ఊపు ఉండగానే ఎడమ ఇండికేటర్ వేసి, అద్దంలో చూసుకుంటూ రోడ్డు ఎడమ అంచుకు రావాలి. కారు పూర్తిగా ఆగేదాకా తాళంచెవి తీయకూడదు. తీస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది. ఇంజన్ లేనప్పుడు స్టీరింగ్, బ్రేకు రెండూ బిగుసుకున్నట్టు ఉంటాయి. పని చేయవని కాదు, బలంగా తిప్పాలి, బలంగా తొక్కాలి. బ్రేకును మాటిమాటికీ తొక్కి వదిలితే బూస్టర్‌లో (కాలి తొక్కుడుకు బలం కలిపే భాగం) మిగిలిన సాయం కూడా పోతుంది కాబట్టి ఒకేసారి నిలకడగా నొక్కాలి.

మలుపులో, వంతెన మీద, ఎత్తు దిగీ దిగగానే ఆపొద్దు. టైరు పంక్చర్ అయి ఆగడానికి చోటు లేకపోతే నడిచే వేగంతో మరో అర కిలోమీటరు పోనివ్వండి. టైరు చిరిగిపోతుంది, రిమ్ము వంగుతుంది. పోనీయండి, అవి డబ్బుతో వచ్చేవి.

ఆగగానే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగించే ఎర్ర త్రికోణం బటన్ నొక్కండి. రాత్రయితే పార్కింగ్ లైట్లు కూడా. ఆ తర్వాత అందరూ ఎడమవైపు తలుపుల్లోంచే దిగాలి, డ్రైవరు కూడా వీలైతే అటు జరిగే దిగాలి. దిగినవాళ్లు కారులో కూర్చోకూడదు, కారు వెనక నిలబడకూడదు. వెనక నిలబడితే మీ లైట్లను మీరే కప్పేస్తున్నట్టు. ఇనుప రెయిలింగ్ ఉంటే దాని అవతలికి పోయి, కారుకు పది మీటర్లు వెనకగా, అంటే బండ్లు వచ్చే వైపు నిలబడండి. ఏదైనా వచ్చి గుద్దితే మీ కారు ముందుకే ఎగిరిపడుతుంది, ముందు నిలబడ్డవాళ్ల మీదికి. వాన పడుతున్నా సరే, పిల్లలను కారులో ఉంచొద్దు.

కారు డివైడర్ పక్కన స్పీడ్ లేన్‌లోనే చచ్చిపోతే పని కష్టమే. రోడ్డు దాటే సాహసం చేయకుండా కుడివైపు దిగి డివైడర్ మీదికి వెళ్లండి. దిగే సందు కూడా లేకపోతే సీటు బెల్టు పెట్టుకునే ఉండి ఫోన్ చేయండి.

త్రికోణం, 130 అంగలు

కొత్త కారుతో పాటే ఎర్రగా మెరిసే త్రికోణం ఇస్తారు. చాలా కార్లలో అది స్టెప్నీ పక్కన కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. దాన్ని విప్పి, మెరిసే వైపు బండ్లకు కనబడేలా ఛాతీకి ఎదురుగా పట్టుకుని, రోడ్డు బయటి అంచున వెనక్కి నడవండి. నాలుగు లేన్ల రోడ్డయితే 100 మీటర్లు, అంటే మామూలు నడకలో 130 అంగలు లెక్కపెట్టుకోండి. మామూలు రెండు లేన్ల రోడ్డు మీద 50 మీటర్లు చాలు. మలుపు ఉంటే మలుపుకు ముందు, ఎత్తు ఉంటే ఎత్తుకు అవతల పెట్టాలి. వచ్చేవాడికి త్రికోణం కనబడి, కాలు బ్రేకు మీదికి పోయాకే కారు కనబడాలి.

మన రోడ్ల మీద త్రికోణానికి బదులు రాళ్లు పేర్చి, చెట్టు కొమ్మలు నరికి వేసే అలవాటు ఉంది. పగలు కొమ్మలు బాగానే పనికొస్తాయి. రాళ్లు మాత్రం వద్దు. రిపేరు కాగానే బండి తీసుకుని వెళ్లిపోతారు, రాళ్లు అక్కడే ఉండిపోతాయి. ఆ రాత్రి వాటిని ఎక్కేది బైకు మీద వచ్చేవాడు.

ఫోన్‌లో ఏం చెప్పాలి

జాతీయ రహదారి మీదయితే 1033. ఎవరికైనా దెబ్బలు తగిలితే 108. ఏ అత్యవసరానికైనా 112. నంబరు తెలిసినంత మాత్రాన సరిపోదు, ఎక్కడ ఉన్నారో చెప్పగలగాలి. ‘సూర్యాపేట దాటి కొంచెం దూరం’ అంటే వెతికే బండి పది కిలోమీటర్లు తిరుగుతుంది. రోడ్డు పక్కన పసుపు తల ఉన్న రాయి జాతీయ రహదారిది, ఆకుపచ్చ తల ఉన్నది రాష్ట్ర రహదారిది. దాని మీది కిలోమీటరు అంకె చెప్పండి. దాంతోపాటు ఏ ఊరి నుంచి ఏ ఊరి వైపు పోతున్నారో తప్పకుండా చెప్పాలి. డివైడర్ ఉన్న రోడ్డు మీద అవతలి వైపు వచ్చిన క్రేన్ యూటర్న్ దాకా పోయి తిరిగి రావాలి.

స్టెప్నీ మార్చడం

ఎడమవైపు టైరయితే మీరే మార్చుకోవచ్చు. కుడివైపు టైరయి, మీ వీపు లారీలకు తగిలేంత దగ్గరగా కూర్చోవాల్సి వస్తే మార్చొద్దు. కారును ఇంకా ఎడమకు జరపండి, లేదా 1033 వాళ్లు వచ్చి వెనక బండి అడ్డం పెట్టేదాకా ఆగండి.

హ్యాండ్ బ్రేక్ లాగండి, గేరు మొదటిదిలో వేయండి (ఆటోమేటిక్ అయితే పార్కింగ్‌లో). మార్చే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రం కింద ముందూ వెనకా రాళ్లు పెట్టండి, ఇవి మీరు తీసేసే రాళ్లే. జాకీతో లేపకముందే, చక్రం నేల మీద ఉండగానే, నట్లు ఒక్కొక్కటి అర చుట్టు వదులు చేయాలి. గాల్లో లేచాక చక్రం తిరుగుతుంది, నట్టు తిరగదు. గట్టిగా లాగితే కారు జాకీ మీది నుంచి జారుతుంది. నట్టు ఎడమకు తిరిగితే వదులవుతుంది. కదలకపోతే స్పానర్‌ను అడ్డంగా ఎడమవైపు ఉండేలా బిగించి, చివర పాదంతో నెమ్మదిగా నొక్కండి. అలాయ్ చక్రాలకు దొంగల భయంతో లాక్ నట్టు పెట్టించుకున్నవాళ్లు దాని తాళం ముక్క డ్యాష్‌బోర్డు అరలోనే ఉంచుకోవాలి. అది ఇంట్లో ఉంటే స్టెప్నీ ఉన్నా లేనట్టే.

జాకీ పెట్టే చోటు ముందు చక్రమైతే దాని వెనక, వెనక చక్రమైతే దాని ముందు, తలుపు కింది అంచులో ఉంటుంది. రెండు చిన్న గాట్ల మధ్య గట్టి చోటు అది. దానికి పక్కన పెడితే రేకు లోపలికి పోతుంది. మట్టి మెత్తగా ఉంటే జాకీ కింద చెక్క వేయండి. డిక్కీలో అరడుగు పలక ఒకటి పడేసి ఉంచుకుంటే చాలు. లేపడానికి ముందు స్టెప్నీని కారు కింద, జాకీ పక్కన పడుకోబెట్టండి. జాకీ జారినా కారు టైరు మీద ఆగుతుంది. ఎట్టి పరిస్థితిలోనూ చేతులూ కాళ్లూ కారు కిందికి పోకూడదు.

పంక్చర్ టైరు నేల వదిలేదాకా లేపి ఆపేస్తారు చాలామంది. గాలి నిండిన స్టెప్నీకి మరో నాలుగైదు సెంటీమీటర్లు ఎత్తు కావాలి, అదీ కలుపుకుని లేపండి. చక్రం తీసి దాన్ని కారు కింద పెట్టి, స్టెప్నీ బయటికి తీసి తగిలించండి. నట్టుకు ఒకవైపు సన్నగా గరాటులా ఉంటుంది, ఆ వైపు చక్రానికి ఆనాలి. తిరగేసి బిగిస్తే బిగినట్టే ఉంటుంది గానీ కొన్ని కిలోమీటర్లకే వదులవుతుంది. ముందు వేళ్లతో తిప్పండి, తర్వాత జాకీ కొంచెం దించి టైరు నేలకు తగిలాక స్పానర్‌తో ఐమూలగా ఒకదాని తర్వాత ఒకటి బిగించండి. వరసగా బిగిస్తే చక్రం ఒకవైపు ఒరుగుతుంది. చేతి బలం చాలు, స్పానర్ మీద ఎక్కి గెంతితే స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) తెగుతుంది. 50 కిలోమీటర్లు పోయాక ఇంకోసారి చూసుకోండి.

స్టెప్నీ సన్నగా, మిగతా టైర్లకంటే చిన్నదిగా ఉంటే దాని మీద 80 అని రాసి ఉంటుంది. అది దాటకూడదు. పంక్చర్ షాపు దాకా పోవడానికే అది.

స్టెప్నీ లేని కార్లు ఇప్పుడు చాలా వస్తున్నాయి. వాటికి గాలి పంపు, అంటుకునే ద్రవం ఇస్తారు. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగి కనబడితే దాన్ని పీకొద్దు. మేకే మూతలా ఉండి గాలిని ఆపుతుంది. గాలి నింపి, నెమ్మదిగా, మధ్యలో చూసుకుంటూ షాపు దాకా పోవచ్చు. ద్రవమైనా, షాపులో పెట్టే రబ్బరు పుల్లయినా రోడ్డుకు ఆనే భాగానికే పనికొస్తాయి. పక్క గోడ చిరిగితే టైరు మార్చడం తప్ప దారి లేదు.

టైరు పేలినప్పుడు

పెద్ద చప్పుడు, కారు ఒకవైపు లాగడం. ఆ క్షణం కాలు బ్రేకు మీదికి పోతుంది, అదే ముంచేది. బ్రేకు వేస్తే బరువు ముందుకు పడి, పేలిన వైపు కారు గిర్రున తిరుగుతుంది. స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నేరుగా ఉంచండి. యాక్సిలరేటర్ మీది కాలు మెల్లగా తీయండి. వేగం దానంతటదే తగ్గి 40కి వచ్చాక ఎడమకు జరిగి, మెత్తగా బ్రేకు వేయండి.

ఎండాకాలంలో గాలి తక్కువ పెట్టుకోవాలని, లేకపోతే టైరు పేలుతుందని ఒక నమ్మకం ఉంది. నిజం దానికి పూర్తిగా తలకిందులు. గాలి తక్కువైతే టైరు పక్క గోడ ప్రతి చుట్టులోనూ నలుగుతుంది, నలిగిన చోట వేడి పుడుతుంది, లోపలి దారాలు రబ్బరును వదిలేస్తాయి. మే నెల మధ్యాహ్నం, ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, 120 వేగం: తక్కువ గాలి టైరుకు ఇంతకంటే పరీక్ష లేదు. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసినంత గాలి, పొద్దున బండి కదలకముందు పట్టించుకోండి. పరుగు మీద మూడు నాలుగు పీఎస్ఐ పెరగడం మామూలే, ఎక్కువైందని మధ్యలో తీయొద్దు. టైరు మీద చివర నాలుగంకెలు చూడండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే టైరు అయిపోయినట్టే.

ఇంజన్ వేడెక్కితే

ముల్లు ఎరుపు వైపు కదులుతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టండి. చెమటలు పడతాయి కానీ ఇంజన్ వేడిలో కొంత లోపలికి వచ్చేస్తుంది. ముల్లు ఎరుపులోకి పోతే పక్కకు ఆపి ఇంజన్ కట్టేయండి. ‘ఇంకో రెండు కిలోమీటర్లే’ అని లాగితే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు) పోతుంది. కనీసం అరగంట ఆగాలి. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగుస్తాయి. పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, మందపాటి గుడ్డ వేసి, కొంచెం తిప్పి బుస్సుమనే శబ్దం ఆగాకే పూర్తిగా తీయండి. కూలెంట్ లేకపోతే మామూలు నీళ్లు పోసినా షెడ్డు దాకా చేరతారు. కాగిన ఇంజన్‌లో చల్లటి నీళ్లు పోస్తే మాత్రం హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

ఘాట్‌లో బ్రేకు

శ్రీశైలం, మారేడుమిల్లి, అరకు దారుల్లో దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తారు. బరువంతా బ్రేకుల మీదే పడి, కాలిన వాసన వస్తుంది, పెడల్ మెత్తబడుతుంది. బ్రేకు ఆయిల్ మరిగి బుడగలు కట్టడం అది. ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమైందో దిగేటప్పుడూ అదే గేరు. పెడల్ అడుగుకు పోతే గబగబా తొక్కి వదులుతూ ఉండండి, కొంత ఒత్తిడి తిరిగి వస్తుంది. గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించండి. హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కి ఉంచే కొంచెం కొంచెం లాగండి, ఒక్క గుంజుకు లాగితే వెనక చక్రాలు బిగుసుకుని కారు అడ్డం తిరుగుతుంది. ఇంజన్ ఆపొద్దు. చివరికి దారి లేకపోతే లోయ వైపు కాదు, కొండ వైపు రాసుకుంటూ ఆపాలి.

ఇంకొకరి ప్రమాదం దగ్గర ఆగితే

మీ బండిని ప్రమాద స్థలం దాటించి ఆపండి, త్రికోణం వెనక పెట్టండి, 108కి ఫోన్ చేయండి. మంటలు లేకపోతే దెబ్బతిన్నవాళ్లను లాగొద్దు, వెన్నెముక విరిగి ఉండవచ్చు. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ తీయొద్దు. నీళ్లు తాగించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోండి. తడిసిందని తీయకుండా దాని మీదే ఇంకో గుడ్డ వేయండి.

కేసుల భయంతో ఆగనివాళ్లు ఇంకా ఉన్నారు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు గానీ, ఆసుపత్రి గానీ బలవంతం చేయకూడదు. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు లక్షా 50 వేల రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందుతుంది. ఆసుపత్రిలో అడ్వాన్స్ అడిగితే ఈ మాట గుర్తు చేయండి.

డిక్కీలో ఉండాల్సినవి ఎక్కువేమీ లేవు: గాలి ఉన్న స్టెప్నీ, జాకీ, స్పానర్, చెక్క పలక, త్రికోణం, జంపర్ కేబుల్ (ఇంకో కారు బ్యాటరీతో స్టార్ట్ చేసుకునే వైర్లు), రెండు లీటర్ల నీళ్లు, మెరిసే జాకెట్, తలకు పెట్టుకునే టార్చి. ఫోన్ టార్చి చాలనుకుంటారు గానీ నట్టు విప్పడానికి రెండు చేతులూ కావాలి, ఛార్జింగ్ 1033కి కావాలి. టార్చి బ్యాటరీలు విడిగా తీసి పెట్టండి, ఎండకు ఉబ్బి లోపలే కారిపోతే అవసరమైన రాత్రి అది వెలగదు.