ఐ3 వాడేవాళ్లూ, ఆ మైనస్ మీటను ఓసారి నొక్కి చూడండి

లైనక్స్‌లో విండోలను టైల్స్‌లా పక్కపక్కన పేర్చే విండో మేనేజర్ ఐ3లో చాలామంది ముట్టుకోని సదుపాయం స్క్రాచ్‌ప్యాడ్. ఒక విండోని అటక మీద పెట్టి, కావలసినప్పుడు దించుకోవడం లాంటిది.

టెర్మినల్ తెరిచి మాడ్ (మొదట ఐ3 పెట్టుకున్నప్పుడు మీరు ఎంచుకున్న విండోస్ మీట లేదా ఆల్ట్), షిఫ్ట్, మైనస్ కలిపి నొక్కండి. మాయమైపోతుంది. మూసుకుపోలేదు, దాక్కుంది అంతే. (మొదటిసారి చెయ్యి జారి నొక్కినప్పుడు, సేవ్ చేయని ఫైలు పోయిందని నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.) ఇప్పుడు షిఫ్ట్ లేకుండా మాడ్, మైనస్ నొక్కితే ఏ వర్క్‌స్పేస్‌లో (విండోలు విడివిడిగా పెట్టుకునే తెరలో) ఉన్నా స్క్రీన్ మధ్యలో తేలుతూ వస్తుంది. మళ్లీ నొక్కితే వెళ్లిపోతుంది. ఐ3 లాంటిదే అయిన స్వే అనే విండో మేనేజర్‌లోనూ ఇవే షార్ట్‌కట్‌లు.

పాటల ప్లేయర్, నోట్స్, క్యాలిక్యులేటర్ లాంటివాటికి ఇది భలే సుఖం. వాటికోసం ఒక్కో వర్క్‌స్పేస్ కేటాయించడం నాకైతే దండగ అనిపిస్తుంది. కానీ నాలుగైదు విండోలు దాచకండి. మాడ్, మైనస్ నొక్కినప్పుడు ఒక్కోటే వంతులవారీగా వస్తుంది కాబట్టి, కావలసినది దొరికేసరికి విసుగొస్తుంది. రెండు చాలు.

దాచిన విండోని మళ్లీ మామూలుగా టైల్స్‌లో కూర్చోబెట్టాలంటే, దాన్ని పైకి తెచ్చి మాడ్, షిఫ్ట్, స్పేస్ నొక్కండి. ఇవన్నీ డిఫాల్ట్‌గా ఉండేవే, కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైను కూడా రాయక్కర్లేదు.