కణం ఏ సిగ్నల్‌ని పట్టించుకుంటుందో లెక్క కట్టడం ఎలా

సిగ్నల్ పెరిగి తగ్గుతుంటే, దానికి స్పందనగా కణం తయారుచేసే ప్రోటీన్ ఎంతవరకు దాని వెంట మారగలదన్నదే ఇక్కడి లెక్క. ముందు ఆ ప్రోటీన్ హాఫ్ లైఫ్ (అది సగానికి తగ్గడానికి పట్టే సమయం) ఎంతో వెతకండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. అడుగున చిల్లున్న బకెట్‌ని కుళాయి కింద పెట్టారనుకోండి. కుళాయిని గబగబా తిప్పుతూ కట్టేస్తూ ఉంటే నీటిమట్టం పెద్దగా కదలదు, నిదానంగా చేస్తే మాత్రం కుళాయితో పాటే పెరిగి తగ్గుతుంది. కుళాయి సిగ్నల్, నీళ్ళు ప్రోటీన్, చిల్లు ఆ ప్రోటీన్ తరిగిపోయే వేగం. ఎలక్ట్రానిక్స్ వాళ్ళు లో పాస్ ఫిల్టర్ (నిదానమైన మార్పుల్ని రానిచ్చి, వేగమైనవాటిని ఆపేది) అనేది ఇదే.

హాఫ్ లైఫ్‌ని 9తో గుణిస్తే (కచ్చితంగా కావాలంటే 9.06) కటాఫ్ పీరియడ్ వస్తుంది. పీరియడ్ అంటే సిగ్నల్ ఒకసారి వచ్చి పోయి మళ్ళీ వచ్చేదాకా పట్టే సమయం; కటాఫ్ కంటే అది తక్కువైతే ప్రోటీన్ ఆ సిగ్నల్‌ని అందుకోలేకపోతుంది. 10 నిమిషాల హాఫ్ లైఫ్ అయితే సుమారు 90 నిమిషాలన్నమాట. చాలా నిదానమైన సిగ్నల్‌కి ప్రోటీన్ ఊగేదాన్ని 100 అనుకుంటే, 90 నిమిషాలకోసారి వచ్చే సిగ్నల్‌కి 71, 9 నిమిషాలకోసారి వచ్చేదానికి 10 మాత్రమే. చాలామంది పొరపడేది ఇంకోచోట: కణం ప్రోటీన్‌ని అసలు ముక్కలు చేయకపోయినా, కణం విభజన చెందుతుంటే అది పలచబడుతుంది. కాబట్టి అప్పుడు కణాలు రెట్టింపయ్యే సమయాన్నే హాఫ్ లైఫ్‌గా తీసుకోవాలి. మంచి మేత దొరికిన ఈస్ట్‌కి అది దాదాపు 90 నిమిషాలు, అంటే కటాఫ్ పదమూడున్నర గంటలు! నేనూ మొదట్లో ఇది మర్చిపోయి లెక్కంతా తప్పు చేశాను.

తర్వాత సిగ్నల్‌ని ఒక్కసారిగా పెంచి అలాగే ఉంచండి. స్పందన పైకి లేచి, తనంతట తనే కిందికి వచ్చేస్తే మీ దగ్గరున్నది ఒట్టి లో పాస్ కాదు, అది మరీ నిదానమైన మార్పుల్ని కూడా పట్టించుకోదు. ఈస్ట్‌కి ఉప్పు తగిలితే హాగ్1 అనే ప్రోటీన్ కేంద్రకంలోకి పరుగెత్తుతుంది, కణంలో గ్లిసరాల్ పోగయ్యాక బయటికి వచ్చేస్తుంది. మన ఒంట్లోనూ ఇలాంటిది ఉంది. జీఎన్‌ఆర్‌హెచ్ అనే మెదడు హార్మోన్ గంటకోసారి విడతగా అందితే పిట్యూటరీ (మెదడు కింద ఉండే గ్రంథి) బాగా పనిచేస్తుంది, ఆపకుండా అందితే చల్లబడిపోతుంది. దీన్ని 1978లో శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం కోతుల్లో చూపించింది.

స్పందన సిగ్నల్‌తో సమంగా పెరగని చోట, అంటే సిగ్నల్‌ని రెండింతలు చేసినా ఊపు రెండింతలు కాకపోతే, పై గుణకారాన్ని నమ్మకండి. నేరుగా కొలవడమే దారి: పీరియడ్ 1, 2, 4, 8, 16 నిమిషాలు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోండి. మధ్యలో ఏదీ వదలొద్దు, ఎందుకంటే 2015లో వచ్చిన ఒక ప్రయోగంలో ఈస్ట్ పెరుగుదలని బాగా దెబ్బతీసింది 8 నిమిషాల పీరియడ్‌తో వచ్చి పోయే ఉప్పే.