బోన్సాయ్ కోసం లేత మొక్కను ఎలా ఎంచుకోవాలి?

నర్సరీకి వెళితే ఎవరి చూపైనా ముందు ఆకుల మీదే పడుతుంది. పచ్చగా, గుబురుగా ఉంటే చాలు, బేరం మొదలుపెట్టేస్తాం. బోన్సాయ్‌కి (అంటే కుండీలోనే చిన్నగా ఉంచుతూ ముసలి చెట్టులా కనిపించేలా పెంచడానికి) కావలసిన మొక్కను అలా చూస్తే దెబ్బతింటాం. ఆకులు రాలినా మళ్లీ వస్తాయి. కొమ్మ నచ్చకపోతే కొట్టేసి, ఏడాది రెండేళ్లలో ఇంకోటి పెంచుకోవచ్చు. మట్టిని ఆనుకుని ఉండే మొదలు, అక్కడి నుంచి బయల్దేరే వేళ్లు బాగా లేకపోతే మాత్రం పదేళ్లు పెంచినా ఆ లోపం కనబడుతూనే ఉంటుంది. కాబట్టి మొక్కను కింది నుంచి పైకి చూడాలి.

ముందు మన ఎండకు తట్టుకునే జాతి

నేను మొట్టమొదట కొన్నది జూనిపర్ అనే చలి ప్రాంతాల చెట్టు. ఒక ఎగ్జిబిషన్‌లో చిన్న నీలం ట్రేలో పెట్టి అమ్ముతుంటే ముచ్చటపడి గుంటూరు తెచ్చుకున్నాను. జూనిపర్‌కి చలికాలం చలికాలంలా ఉండాలి. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి, రాత్రిళ్లు కూడా డాబా చల్లారదు. పైగా ఈ చెట్టుతో ఒక చిక్కుంది. చచ్చిపోయాక కూడా కొన్ని వారాలపాటు పచ్చగానే కనిపిస్తుంది. అలా దాదాపు నెల రోజులు చచ్చిన మొక్కకి నీళ్లు పోశాను.

మన ఊళ్లకు మర్రి, జువ్వి, నర్సరీల్లో ఫైకస్ అని అమ్మే చిన్నాకు రకాలు, చింత, సీమచింత, వెలగ, కాగితపూల చెట్టు బాగా సరిపోతాయి. చిన్న చెట్టుకు చిన్న ఆకు ఉంటేనే అందం. చింతకి ఆ అందం పుట్టుకతోనే వచ్చింది, బెరడు కూడా తొందరగా ముదురుతుంది. రావి మొండిదే కానీ, ఎంత తగ్గించినా ఆకు, కాడ పెద్దగానే ఉంటాయి. కాస్త పెద్ద సైజు చెట్టుగా పెంచుదామనుకుంటేనే దాని జోలికి వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే "రావి ఇంట్లో ఏంటి?" అని ఒక పూట గొడవ కూడా ఉంటుంది, సిద్ధపడండి.

మట్టి తీసి చూడండి

నర్సరీకి వెళ్లేటప్పుడు జేబులో ఒక ఐస్‌క్రీం పుల్ల వేసుకోండి. "అన్నా, పైమట్టి కొంచెం తీసి చూసుకోవచ్చా?" అని ముందే అడగండి. "వేళ్లతో పనేంటండీ, చిగురు చూడండి ఎలా ఉందో" అంటారు. నవ్వేసి కింద కూర్చోండి.

కవరు మొక్కల్లో అసలు మొదలు చాలాసార్లు రెండంగుళాల లోతున దాక్కుని ఉంటుంది. చిన్న కవరు నుంచి పెద్ద కవరుకు మార్చేటప్పుడల్లా పైన ఇంకాస్త మట్టి పోస్తారు కాబట్టి. పుల్లతో మాను చుట్టూ నెమ్మదిగా గీరుతూ వెళ్లండి. ముందు వెంట్రుకల్లాంటి సన్నని పిల్లవేళ్లు తగులుతాయి, వాటిని పక్కకు తప్పించండి. ఇంకొంచెం కిందికి వెళ్లాక మాను ఒక్కసారిగా వెడల్పయ్యి, కోడి కాలి వేళ్లలా నలుపక్కలా లావు వేళ్లు విచ్చుకున్నట్టు కనిపిస్తే, ఆ మొక్కను పక్కన పెట్టించండి. వేళ్లన్నీ ఒకే వైపు ఉంటే కొంచెం ఆలోచించాలి. ఒక వేరు మాను మెడకు ఉరితాడులా చుట్టుకుని ఉంటే వదిలేయండి. ఏ వేళ్లూ లేకుండా గుంజలా నేరుగా లోపలికి దిగిపోయి ఉంటే, ఫైకస్ జాతుల్లో అయితే తర్వాత గాలి అంటు కట్టి (మాను చుట్టూ బెరడు ఒలిచి, తడి నాచు చుట్టి) కొత్త వేళ్లు పుట్టించుకోవచ్చు. కొత్తవాళ్లకు ఆ తలనొప్పి ఎందుకు?

కవరును చేత్తో నొక్కి కూడా చూడండి. రాయిలా గట్టిగా ఉంటే లోపల వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయాయని అర్థం. ఇలా చూడకుండా కొన్న ఒక ఫైకస్‌ను ఇంట్లో విప్పితే లోపల ఇంకో చిన్న కవరు అలాగే ఉంది. వేళ్లన్నీ అందులోనే ముద్దయిపోయాయి.

మాను, కొమ్మలు

మాను కింద లావుగా ఉండి పైకి వెళ్లేకొద్దీ సన్నబడాలి. చీపురు కర్రలా పైదాకా ఒకే లావుంటే ముసలి చెట్టనే భావన రాదు. ఎత్తు గురించి కంగారు వద్దు. ఎలాగూ కొట్టేస్తాం. మొదలు లావుకు ఆరు రెట్ల ఎత్తు అని ఒక పాత లెక్క ఉంది. అంటే రెండంగుళాల మొదలుంటే చెట్టు సుమారు 12 అంగుళాలు. ఆ ఎత్తుకు లోపల బతికున్న రెమ్మో, మొగ్గో ఉందా అన్నదే చూడాలి. మర్రి జాతులు, కాగితపూల చెట్టు ముదురు మాను నుంచి కూడా చిగురిస్తాయి కాబట్టి వాటిలో కాస్త ధైర్యం చేయొచ్చు.

అంటు కట్టిన చోట బుడిపె ఉన్నవి వద్దు, ఆ మచ్చ వయసుతోపాటు పెరిగే ప్రమాదం ఉంది. దుంపల్లాంటి లావు వేళ్ల మీద చిన్నాకు కొమ్మలు అంటు కట్టి, రెడీమేడ్ బోన్సాయ్ అని అమ్మేవి కూడా ఈ కోవలోవే. ఆకులు రాల్చిన మొక్క అనుమానంగా ఉంటే బెరడును గోరుతో కాస్త గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

ఎప్పుడు, ఎక్కడ

మృగశిర దాటి రెండు మంచి వానలు పడ్డాక కొనండి. నర్సరీలకు పేరున్న కడియం నుంచి మొక్కల లోడు దిగిన రోజు అందరూ ముందు వరుసలో నిగనిగలాడే మొక్కల దగ్గర ఉంటారు. మీరు వెనక గోడ దగ్గరికి వెళ్లండి. మూడేళ్లుగా అమ్ముడుపోనివి, మేక కొరికినవి, ఒక పక్కకు వంగినవి అక్కడ ఉంటాయి. మనకు కావలసిన మెలికలు వాటిలోనే దొరుకుతాయి, ధర కూడా తగ్గిస్తారు.

ఇంకో మంచి చోటు, పడగొడుతున్న పాత ఇళ్లు. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో అపార్ట్‌మెంట్ల కోసం కూలుస్తున్న ఇళ్ల ప్రహరీ పక్కన చేతి మందం మానున్న కాగితపూల చెట్టో, గోరింటో ఉంటుంది. జేసీబీ రాకముందే ఇంటివాళ్లను అడిగితే సంతోషంగా ఇస్తారు. నేల పైన ఒక అడుగు ఎత్తు మాను ఉంచి మిగతాది కొట్టేసి, వేళ్ల చుట్టూ మట్టి గడ్డతో తవ్వండి. కాగితపూల వేళ్లు పెళుసు, లాగితే పుటుక్కున తెగుతాయి. సన్‌షేడ్ మీద పక్షులు వేసిన గింజ నుంచి మొలిచిన జువ్వి మొక్కలనైతే వాన పడ్డ మర్నాడు, వేలెడంత మందం ఉన్నప్పుడే తీయాలి.

ఇంటికి తెచ్చాక

వెంటనే ట్రేలోకి మార్చకండి. లోతు లేని ట్రేలో మాను లావెక్కడం దాదాపు ఆగిపోతుంది. పెద్ద కుండీలోనో, జాగా ఉంటే నేలలోనో పెట్టి, ఒక కొమ్మను ఇష్టమొచ్చినట్టు పెరగనివ్వండి. ఆ కొమ్మే మానుకు తిండి పెడుతుంది, పని అయ్యాక కొట్టేయొచ్చు. ఒట్టి నల్లరేగడి వద్దు, నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. ముతక ఇసుక, ఇటుక ముక్కలు, కొంచెం వర్మీకంపోస్టు కలపండి. మొదటి మూడు నాలుగు వారాలు గ్రీన్ నెట్ నీడలో ఉంచండి.

నాటేటప్పుడు వేళ్లు ఏ వైపు నుంచి చూస్తే బాగున్నాయో ఆ వైపు కుండీ అంచు మీద గుర్తు పెట్టండి, మట్టి కప్పాక గుర్తుండదు. చాక్‌పీస్ మొదటి వానకే పోతుంది, ఇంట్లో పాత నెయిల్ పాలిష్ ఉంటే అడగండి.