షుగర్ ఉన్నవాళ్లకి శుక్లాల ఆపరేషనా? ఇవి చూసుకోండి

శుక్లాల ఆపరేషన్ ఇప్పుడు చాలామందికి పావుగంట, అరగంట పనే. కానీ షుగర్ ఉన్నవాళ్లకి ఇన్ఫెక్షన్ భయం కాస్త ఎక్కువ, అందుకే తేదీ ఖాయం చేసుకునే ముందే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. బాగా ఎక్కువుండి డాక్టర్ వాయిదా వేద్దామంటే ముహూర్తం పోయిందని టెన్షన్ పడకండి. కన్ను పుసులు కడుతున్నా, కాలికి పుండున్నా దాచకుండా చెప్పండి.

తర్వాత అసలు పని చుక్కలదే. చేతులు సబ్బుతో కడుక్కుని, కింది రెప్పను కొంచెం కిందికి లాగి, అక్కడ ఏర్పడే సంచిలో ఒక్క చుక్క వేయాలి, సీసా మూతి రెప్పకి గానీ వెంట్రుకలకి గానీ తగలకూడదు. రెండో మందుకి ఐదు నిమిషాలు ఆగండి. పక్కింటివాళ్లు చెప్పారని తేనె, పసుపునీళ్లు మాత్రం వద్దు.

ఎండాఫ్తాల్మైటిస్, అంటే కంటి లోపల ఇన్ఫెక్షన్, అరుదే గానీ వస్తే గంటల లెక్కలో చూపు పోవచ్చు. నొప్పి, ఎరుపు పెరగడం, రెప్ప వాచడం, నల్లగుడ్డు అడుగున తెల్లగా చీము కనిపించడం దాని గుర్తులు. నొప్పి లేకుండా చూపు మసకబారినా అనుమానించాల్సిందే. ఆదివారమైనా సరే, షుగర్ మందుల చీటీతో సహా రెటీనా డాక్టర్ ఉన్న ఆసుపత్రికి అదే రోజు వెళ్లండి, కంటి లోపలికే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వాల్సి రావచ్చు.