ఒంటరిగా ఓడ ఎక్కే ముందు: కంప్యూటర్ శత్రువుల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

వేసవి సెలవులు మొదలయ్యేసరికి విజయవాడలో సముద్రపు దొంగల వీడియో గేమ్‌లు ఆడే జట్లు చెదిరిపోతాయి. ఒకరు ఎంట్రన్స్ పరీక్షల కోచింగ్‌లో మునిగిపోతారు, ఒకరు గుంటూరులోని అమ్మమ్మగారింటికి వెళ్లి అక్కడి నెట్‌ను తిట్టుకుంటూ కూర్చుంటారు, హాస్టల్‌లో ఉండే మూడో మనిషి సొంత ఊరి బస్సెక్కుతాడు. నిన్నటిదాకా నలుగురు నడిపిన ఓడను మిగిలిన ఒక్కరే నడపవలసి వస్తుంది. ఇలా సోలోగా దిగినవారు రెండు మూడుసార్లు మునిగిన తరువాత, కంప్యూటర్ నడిపే శత్రువులను మరీ కఠినంగా తయారుచేశారని అంటారు. అది సగమే నిజం. సముద్ర యుద్ధంలో చుక్కాని పట్టడం, తెరచాప తిప్పడం, ఫిరంగి పేల్చడం, చిల్లులకు పలకలు కొట్టడం, నీరు తోడిపోయడం అనే ఐదు పనులు దాదాపు ఒకేసారి మీద పడతాయి. అవన్నీ ఒక్కరే చూసుకోవడమంటే పెళ్లి భోజనాలు ఒక్కరే వండి, ఆ చేత్తోనే వడ్డించడానికి పూనుకున్నట్టే. అందువల్ల సోలో ఆటగాడు తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ యుద్ధంలో చేయవలసిన పనులను ముందే తగ్గించుకోవడానికే ఉపయోగపడాలి.

2018లో విడుదలైన సీ ఆఫ్ థీవ్స్‌లో ఈ ఇబ్బంది అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అందులో స్లూప్ ఇద్దరికి, బ్రిగంటీన్ ముగ్గురికి, గాలియన్ నలుగురికి ఉద్దేశించిన ఓడలు. సోలోగా వెళ్లేవారు స్లూప్ తప్ప మరొకటి ఎంచుకోకూడదు. దానికి ఒకటే తెరచాప స్తంభం, ఒక్కో పక్కన ఒకటే ఫిరంగి; చుక్కాని దగ్గర నుంచి ఫిరంగి దగ్గరకు నాలుగడుగుల్లో చేరుకోవచ్చు. ఇతర ఆటగాళ్ల బెడద లేకుండా ఆడుకునే సేఫర్ సీస్ అనే విధానం 2023 డిసెంబరులో వచ్చింది. ప్రవేశపెట్టినప్పుడు అందులో వచ్చే బంగారాన్ని మామూలు సముద్రంలో వచ్చేదానిలో 30 శాతానికి పరిమితం చేశారు. అందులో ఆడడం చిన్నతనమని కొందరు వెక్కిరిస్తారు కానీ, ఆ మాట పట్టించుకోనక్కరలేదు. క్రాకెన్ (బాహువులతో ఓడను చుట్టుకునే సముద్ర రాక్షసి), మెగలొడాన్ (భారీ సొరచేప), అస్థిపంజరాలు నడిపే ఓడలు అక్కడా వస్తాయి కనుక, వెనుక నుంచి మరో జట్టు వచ్చి పడుతుందన్న భయం లేకుండా వాటితో పోరాడడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

రేవు విడిచే ముందు చేసే సన్నాహాన్ని చాలామంది విసుగుపడి దాటవేస్తారు. రేవులోని పీపాలన్నీ వెతికి ఫిరంగి గుండ్లు, చెక్క పలకలు, తినే పదార్థాలు ఓడలోకి చేర్చుకోవాలి. వాటిని పీపాల్లో వేసి వదిలేస్తే చాలదు. కొన్ని పలకలను, ఆహారాన్ని ఎప్పుడూ మీ దగ్గరే ఉంచుకోవాలి. కింది అంతస్తులో నీరు పెరుగుతుండగా పలకల కోసం పీపా దగ్గరకు పరుగెత్తే సమయం నలుగురున్న జట్టుకు ఉంటుంది, మీకు ఉండదు. మందుగుండు పీపా దొరికితే దానిని ఓడ అడుగున పెట్టవద్దు. శత్రువు గుండు తగిలి అది పేలితే, పడిన చిల్లులన్నిటినీ ఒక్కరే మూయడం దాదాపు అసాధ్యం. తప్పనిసరిగా తీసుకువెళ్లాలనుకుంటే స్తంభం పైనున్న కాపలా గూటిలో ఉంచండి.

దీవి దగ్గర ఆగేటప్పుడు లంగరు వేసే అలవాటు మానుకోవాలి. లంగరును నలుగురు తిప్పితే చకచకా పైకి వస్తుంది, ఒక్కరే తిప్పితే చాలాసేపు పడుతుంది. తెరచాపను ముందుగా పైకెత్తేసి, ఓడ తనంతట తాను నెమ్మదించి ఆగేలా చూసుకుంటే, ఆపద వచ్చినప్పుడు చాప దించిన వెంటనే బయలుదేరవచ్చు. కొన్ని దీవుల మీద అస్థిపంజరాలు ఫిరంగుల దగ్గర కాపు కాస్తుంటాయి కనుక, దుర్భిణితో తీరమంతా చూశాకే దగ్గరకు వెళ్లాలి. ఒడ్డున ఎదురయ్యే అస్థిపంజరాలు కూడా అన్నీ ఒకే రకం కావు. బంగారు రంగువి కత్తికి ఒక పట్టాన లొంగవు, కానీ నీళ్లలో దిగితే తుప్పు పట్టి నెమ్మదిస్తాయి. మొక్కలు మొలిచినవి నీటిలో తిరిగి బలం పుంజుకుంటాయి. నీడ రూపంలో ఉన్నవాటికి వెలుతురు పడేదాకా దెబ్బ తగలదు, కాబట్టి ముందు లాంతరు ఎత్తాలి. ఈ తేడాలు తెలియకపోతే గుంపు మధ్యలో ఊరికే కత్తి తిప్పుతూ చనిపోతారు. మీరు తిరిగి బతికి వచ్చేదాకా ఓడ మీద ఎవరూ ఉండరు.

నడిసముద్రంలో అస్థిపంజరాల ఓడ నీటిలోంచి పైకి లేచినప్పుడు, పోరాడాలా వద్దా అన్నది వెంటనే తేల్చుకోవాలి. ఓడలో అమ్మని సరుకు ఉంటే తెరచాప పూర్తిగా దించి, గాలి వాలు చూసుకుని తప్పుకోవడమే మేలు. వాటిని వెనుక వదిలేసి పోవడం సాధ్యమే. పోరాడదలచుకుంటే చుక్కానిని ఒక పక్కకు పూర్తిగా తిప్పి వదిలేయండి. ఓడ వలయంగా తిరుగుతూ ఉంటుంది కనుక చుక్కాని పని తాత్కాలికంగా తప్పుతుంది, మీరు ఫిరంగి దగ్గర నిలబడవచ్చు. గుండు నీటి మట్టానికి దగ్గరగా తగలాలి. అవి కూడా తమ చిల్లులు మూసుకుంటాయి కనుక విరామం ఇవ్వకూడదు. మీ ఓడ అడుగున నీరు మధ్య అంతస్తు దాకా రాకముందే ఫిరంగి వదిలి కిందికి దిగి, ముందు చిల్లులు మూసి ఆ తరువాత నీరు తోడాలి. చిల్లు తెరిచి ఉండగా తోడితే ఆ శ్రమ వృథా. ఈ ఓడలు శపించిన గుండ్లు కూడా వేస్తాయి. ఒక రకం తగిలితే మీ లంగరు దానంతట అదే దిగిపోతుంది. మరొకటి తగిలితే మనిషి నృత్యం చేస్తూ నిలబడిపోతాడు. నలుగురిలో ఒకడు నాట్యం చేస్తే నవ్వుకోవచ్చు. ఒక్కడే ఉన్నప్పుడు మాత్రం సిబ్బంది మొత్తం నాట్యం చేస్తున్నట్టు లెక్క.

క్రాకెన్ వచ్చిందనడానికి నీరు నల్లబడడం గుర్తు. దానిని చంపాలన్న పట్టుదల విడిచి, ఆ నల్లని నీటిలోంచి బయటపడడమే లక్ష్యంగా పెట్టుకోండి. ఓడను చుట్టుకున్న బాహువును మాత్రం ఫిరంగితో కొట్టి విడిపించుకోక తప్పదు. తుఫానులో వాన నీరే ఓడను నింపుతుంది, దిక్సూచి పనిచేయదు, చుక్కాని చేతిలో నిలవదు. చుట్టూ తిరిగి వెళ్లండి.

2013 నాటి అస్సాసిన్స్ క్రీడ్ బ్లాక్ ఫ్లాగ్ మొదటి నుంచీ ఒక్కరి కోసమే రూపొందించినది కనుక, అక్కడ తెరచాపలు, ఫిరంగుల పని సిబ్బంది చూసుకుంటారు. అక్కడి కష్టం ఓడకు చేయించే మెరుగుదలలను బట్టి ఉంటుంది. దుర్భిణితో చూస్తే ఎదుటి ఓడ స్థాయి కనిపిస్తుంది. అది చూడకుండా తలపడేవారిపై జాలిపడనక్కరలేదు. యుద్ధం మధ్యలో మీ ఓడ జాక్‌డా బాగా దెబ్బతింటే, పక్కనున్న చిన్న ఓడను ముందు లొంగదీసి, దాని సామగ్రితో మరమ్మతు చేయించుకోవచ్చు. మ్యాప్ మూలల్లో ఉండే నాలుగు లెజెండరీ (అత్యంత బలమైన) ఓడల పోరాటాలను ఓడ గట్టిదనం, ఫిరంగులు, మోర్టారు (గుండ్లను ఎత్తుగా దూరానికి విసిరే ఫిరంగి) బాగా పెంచుకునేదాకా వాయిదా వేయాలి. 2004 నాటి సిడ్ మయర్స్ పైరేట్స్‌లో అయితే కష్టం స్థాయిని మీరే ఎంచుకుంటారు. స్థాయి పెరిగితే దోపిడిలో కెప్టెన్ వాటా కూడా పెరుగుతుంది, ఆ ఆశకు లొంగి తొందరపడకూడదు.

ఇక మన ఊరి సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో లాప్‌టాప్ వేడెక్కి, సరిగ్గా ఫిరంగులు మోగే సమయానికే ఆట తడబడుతుంది. గ్రాఫిక్స్ స్థాయి, ఫ్రేమ్ రేటు ముందే తగ్గించి, మధ్యాహ్నం కాకుండా రాత్రి వేళ ఆడడం మంచిది. వైఫై రూటర్‌కు కూడా ఇన్వర్టర్ కనెక్షన్ ఉందో లేదో చూసుకోండి; లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తున్నా రూటర్ ఆగితే ఆన్‌లైన్ ఓడ చేజారిపోతుంది. ఆన్‌లైన్ ఆటను మధ్యలో ఆపి ఉంచడం కుదరదు కనుక, భోజనానికి పిలుపు వచ్చే వేళకు దూర ప్రయాణం పెట్టుకోవద్దు. సీ ఆఫ్ థీవ్స్‌లో నిధిని అమ్మితేనే అది మీ ఖాతాలో పడుతుంది. గాలివాన కమ్మి కరెంటు పోయేలా ఉన్న సాయంత్రాల్లో రెండు మూడు పెట్టెలు చేరగానే దగ్గరి రేవులో అమ్మివేయండి.