సి భాషలో ఒక ఫంక్షన్ నుంచి మరొక ఫంక్షన్‌కు స్ట్రింగ్ పంపే పద్ధతి

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చి చెన్నైలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదివే మన పిల్లలు సి భాషలో తరచుగా తడబడే చోటు ఇది. ఒక్క విషయం గట్టిగా పట్టుకుంటే మిగిలినదంతా తేలికవుతుంది: ఫంక్షన్‌కు (ఒక పని చేసే కోడ్ భాగానికి) వెళ్లేది స్ట్రింగ్ (అక్షరాల వరుస) కాదు, మెమరీలో దాని మొదటి అక్షరం ఉన్న చిరునామా మాత్రమే.

అందువల్ల ఫంక్షన్ లోపల ఒక అక్షరం మారిస్తే, పిలిచిన చోట ఉన్న అసలు స్ట్రింగే మారుతుంది. చదవడం మాత్రమే పని అయితే పారామీటరును, అంటే ఫంక్షన్ అందుకునే విలువను, కాన్‌స్ట్ క్యార్ పాయింటర్‌గా (const char *, మార్చకూడని అక్షరాల చిరునామాగా) ప్రకటించండి. పొరపాటున మార్చబోతే కంపైలరే తప్పు చూపుతుంది. కోట్స్‌లో నేరుగా రాసిన స్ట్రింగ్‌ను, దాన్ని మార్చే ఫంక్షన్‌కు ఎన్నడూ పంపకండి.

చిరునామాలో పొడవు ఉండదు. మెయిన్‌లో (ప్రోగ్రాము మొదలయ్యే ఫంక్షన్‌లో) 50 బైట్ల అర్రేను (అక్షరాలు దాచే వరుస గదులను) సైజాఫ్‌తో (పరిమాణాన్ని బైట్లలో చెప్పే sizeof‌తో) కొలిస్తే 50 వస్తుంది గాని, దానిని అందుకున్న ఫంక్షన్‌లో పారామీటరును కొలిస్తే పాయింటర్ పరిమాణం, అంటే నేటి 64 బిట్ల యంత్రాలలో సాధారణంగా 8, వస్తుంది. పారామీటరు పక్కన చదరపు బ్రాకెట్లలో 50 అని రాసినా ఇదే ఫలితం. కాబట్టి స్ట్రింగ్‌లో రాసే ప్రతి ఫంక్షన్‌కూ పరిమాణాన్ని వేరే పారామీటరుగా పంపండి. తెలుగు మాటలతో పనిచేసేవారు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. ‘చెన్నై’ కంటికి రెండక్షరాలే అయినా, యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) చ, ఎత్వం, న, పొల్లు, న, ఐత్వం అనే ఆరు సంకేతాలు ఒక్కొక్కటి 3 బైట్ల చొప్పున 18 బైట్లు తీసుకుంటాయి. స్ట్రింగ్ ముగింపును తెలిపే సున్నా బైటుతో కలిపి 19 కావాలి.

ఇక స్ట్రింగ్‌ను తిరిగి ఇవ్వడం. ఫంక్షన్ లోపల ప్రకటించిన మామూలు అర్రే చిరునామాను రిటర్న్ చేయకూడదు, ఎందుకంటే ఫంక్షన్ ముగియగానే ఆ అర్రే ఆయుష్షు తీరిపోతుంది. ఒక్కోసారి సరిగానే ముద్రితమై నమ్మించడం వల్ల ఈ తప్పు మరీ ప్రమాదకరం. పిలిచే ఫంక్షనే అర్రేను సిద్ధం చేసి, చిరునామానూ పరిమాణాన్నీ పంపి, పిలవబడిన ఫంక్షన్ చేత ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో (ఇచ్చిన పరిమాణం దాటకుండా అర్రేలో రాసే snprintf‌తో) నింపించడం కొత్తవారికి అన్నిటికన్నా మంచి పద్ధతి అని నా అభిప్రాయం. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ ఇచ్చే సంఖ్య మీరు పంపిన పరిమాణానికి సమానంగా గాని ఎక్కువగా గాని ఉంటే, స్ట్రింగ్ మధ్యలో తెగిపోయిందని గ్రహించి అర్రేను పెంచండి.