మోరో కత్తి మీది రాతను చదవడం, దాని పుట్టుక కనుక్కోవడం

కత్తి మీద అరబ్బీ అక్షరాలు కనబడగానే చాలామంది ఫోటో తీసి, ఆ లిపి తెలిసినవాళ్లకు పంపేస్తారు. మోరో కత్తి విషయంలో ఆ పని చివర చెయ్యాలి. దక్షిణ ఫిలిప్పీన్స్‌లోని తౌసుగ్, మగిందనావో, మరనావో, యకాన్, సామా వంటి ముస్లిం జాతులన్నిటికీ స్పెయిన్ వాళ్లు పెట్టిన పేరు మోరో. వీళ్ల కత్తుల్లో అలుగు, అంటే కోసే ఉక్కు భాగం, తరాలపాటు నిలుస్తుంది. పిడి, ఒర పాడైతే కొత్తవి వేస్తారు. కాబట్టి అలుగు, పిడి, ఒర, రాత నాలుగూ నాలుగు కాలాలవి కావచ్చు. ఏదో ఒకదాన్ని పట్టుకుని మొత్తం కత్తికి వయసు కట్టకండి.

ముందు శుభ్రం చేసే సంగతి. ఇసుక కాగితం, ఇత్తడి పాలిష్ దగ్గరికి కూడా తేవద్దు. రాతను అలుగులో వెండి తీగతో పొదిగి ఉంటే ఆ తీగ చాలా పలచన, ఒకసారి అరిగితే అక్షరం చుక్కతో సహా పోతుంది. దూదికి కొంచెం అసిటోన్ అద్ది, అలుగు మీది పాత జిడ్డు మాత్రం తియ్యండి. పిడికి రెండు అంగుళాల దూరంలోనే ఆగండి. పిడిలోకి దూరే అలుగు తోకను పట్టి ఉంచే బంకనూ, చెక్క మీది పాత మెరుగునూ అసిటోన్ కరిగిస్తుంది. తర్వాత పలచగా మెషిన్ ఆయిల్ రాయండి.

ఫోటోకి ఫ్లాష్ వాడితే వెండీ ఉక్కూ కలిసి తెల్లగా మెరిసి అక్షరాలు మాయమవుతాయి. గది చీకటి చేసి, ఫోన్‌ను స్టాండు మీద కదలకుండా పెట్టి, టార్చిని అలుగు పక్కనుంచి దాదాపు పడుకోబెట్టినట్టు పట్టండి. టార్చిని చుట్టూ జరుపుతూ ఎనిమిది ఫోటోలు తియ్యండి; ఒక వైపు నుంచి కనబడని గీత ఇంకో వైపు నుంచి నీడ వేస్తుంది. పక్కన స్కేలు ఉంచండి, రెండు ముఖాలూ తియ్యండి. పలచటి కాగితం పరిచి 2బి పెన్సిల్‌తో రుద్దే పద్ధతి లోతుగా చెక్కిన రాతకే పనికొస్తుంది. పొదిగిన వెండి రాత అలుగుతో సమానంగా ఉంటుంది కాబట్టి కాగితం మీద ఏమీ పడదు.

ఇక ఆకారం. ఆకులా మధ్యలో వెడల్పై, వెన్ను మందంగా ఉంటే బరాంగ్, సులు, బసిలాన్ దీవుల వైపుది. మొన వైపు వెడల్పవుతూ పోయే పొడవాటి కత్తి, పిడి చివర తెరిచిన నోరులా చీలి ఉంటే కంపిలాన్, మిందనావోలోని మగిందనావో, మరనావోలది. క్రిస్ (తిన్నని లేదా వంకీల అలుగున్న కత్తి) మాత్రం అన్ని జాతులదీ, అందుకే దానితోనే చిక్కు. పిడి కింద అలుగు వెడల్పయ్యే చోట గంగ్యా అనే భాగం ఉంటుంది. పాత క్రిస్‌లలో అది విడి ముక్క. అతుకు గీత అడ్డంగా నేరుగా పోతే పాతకాలపుది. చివర్లో 45 డిగ్రీలు వాలితే తర్వాతిది. ఇరవయ్యో శతాబ్దపు కత్తులు చాలావరకు ఒకే ముక్క, గీత పైపైన గీసిందే. 10 రెట్ల భూతద్దంతో వెన్ను వైపు చూడండి: నిజమైన అతుకు మందం మీదుగా దాటి రెండో ముఖానికి వెళ్తుంది, గీసిన గీత అంచు దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు రాత. భాష అరబ్బీ అయ్యుండవచ్చు, అరబ్బీ లిపిలో రాసిన మలయ్ లేదా తౌసుగ్ అయ్యుండవచ్చు. ఆ లిపిని జావీ అంటారు. హైదరాబాదులో ఉర్దూ చదివేవాళ్లకు చూపిస్తే బిస్మిల్లా, ఖురాన్ వాక్యాలు వెంటనే పట్టుకుంటారు కానీ జావీ సొంత అక్షరాల దగ్గర తడబడతారు. ఉర్దూలో 'ప'కు కింద మూడు చుక్కలు. జావీలో అది 'ఫ' ఆకారం మీద మూడు చుక్కలు. 'ఐన్' మీద మూడు చుక్కలుంటే 'ఙ'. ఇలాంటివి ఒక్కటి దొరికినా ఆ రాతలో స్థానిక భాష ఉందని, ఎవరిదో పేరో ఊరో ఉండే అవకాశముందని అర్థం. మలయ్ చదవగలిగినవాళ్లను వెతకండి.

అంకెల్లో తప్పులు ఎక్కువ. అరబ్బీ ఐదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా ఒట్టి చుక్క, తుప్పులో కలిసిపోతుంది. కత్తిని తలకిందులుగా పట్టుకుంటే ఏడు ఎనిమిదవుతుంది. 2, 4, 6, 8 కలిసి కనబడితే సంవత్సరం అనుకోకండి. అది 'బదూహ్' అనే రక్ష. తొమ్మిది గళ్ల చతురస్రంలో ఎటు కూడినా 15 వచ్చినా అదీ తాయెత్తే. నిజంగా హిజ్రీ (ముస్లిం కాలెండరు) సంవత్సరమైతే 0.97తో గుణించి 622 కలపండి: 1318 అంటే సుమారు 1900. అది రాత తేదీ, అలుగు అంతకన్నా పాతది కావచ్చు.

ఒర మీద ఇంగ్లీషు పేరు, ఇత్తడి రేకు, సిరా రాత ఉంటే వదలకండి. 1899 నుంచి అక్కడ ఉన్న అమెరికా సైనికులు ఈ కత్తులను ఇంటికి తీసుకెళ్లారు; అమెరికాలోని మన తెలుగువాళ్లకు పాత సామాన్ల అమ్మకాల్లో దొరికేవి ఎక్కువగా ఈ దారినే వచ్చాయి. 'బుద్ దాహో 1906' (సులులోని ఈ కొండ మీద మోరోలపై అమెరికా సైన్యం దాడి చేసింది) అని ఉంటే ధర పెరుగుతుంది, కాబట్టి తర్వాత ఎవరైనా రాసి ఉండవచ్చు. పేరున్న సైనికుడి రెజిమెంటు చూడండి: 1906 మార్చి దాడిలో 6వ, 19వ పదాతి రెజిమెంట్లు, 4వ అశ్విక రెజిమెంటు పాల్గొన్నాయి. 1798 నుంచి 1914 వరకు సైన్యంలో చేరినవారి రిజిస్టర్లు అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వాటిలో పుట్టిన చోటు, వృత్తి, రెజిమెంటు కనిపిస్తాయి. 1912 నవంబరుకు ముందే విడుదలైన సైనికుడైతే అదృష్టం. ఆ తర్వాత 1960 వరకు విడుదలైన ఆర్మీ సిబ్బంది ఫైళ్లలో దాదాపు 80 శాతం 1973 జులైలో సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి.